మైక్రోసాఫ్ట్ ఈ-పుస్తకాల విభాగం మూసివేత (2019)

మైక్రోసాఫ్ట్ సంస్థ 2019 జూలైలో తన ఆన్‌లైన్ స్టోరులోని పుస్తకాల విభాగాన్ని ఎత్తివేసింది. దాంతో పాఠకులు అప్పటికే డబ్బు పెట్టి కొనుక్కున్న ఈ-పుస్తకాలు కూడా వారికి దక్కకుండా పోయాయి. డిజిటల్ సరుకు మీద కొన్నవారికి ఉండే హక్కు ఎంత అన్న చర్చ వచ్చినప్పుడల్లా ఈ ఉదంతం ప్రస్తావనకు వస్తుంది.

విండోస్ 10కు 2017లో వచ్చిన క్రియేటర్స్ అప్‌డేట్‌తో ఈ విభాగం మొదలైంది. ఇందులో కొన్న పుస్తకాలను ఎడ్జ్ బ్రౌజరులోనే చదవాల్సి వచ్చేది. కిండిల్ వంటి ప్రత్యేక పరికరం దీనికి ఉండేది కాదు. 2019 ఏప్రిల్ 2న అమ్మకాలు ఆపేసిన సంస్థ, జూలై నుంచి పుస్తకాలేవీ తెరుచుకోవని అప్పుడే చెప్పింది. ఉచితంగా తీసుకున్నవీ ఇందులోకే వచ్చాయి.

ఈ పుస్తకాలకు డీఆర్‌ఎం అనే సాంకేతిక రక్షణ ఉండేది. ఫైలును సంకేతభాషలోకి మార్చి ఇస్తారు. దాన్ని తెరిచే తాళంచెవి సంస్థ సర్వర్ల అదుపులో ఉంటుంది. కాబట్టి పాఠకుడు కొన్నది పుస్తకాన్ని కాదు, చదువుకునే లైసెన్సును మాత్రమే. ఆ మాట ఒప్పంద పత్రంలో ఉంటుంది గానీ, దాన్ని చివరిదాకా చదివేవారెందరు?

సంస్థ ప్రతి పుస్తకానికీ పూర్తి సొమ్ము వాపసు ఇచ్చింది. పుస్తకాల్లో గుర్తులు పెట్టుకున్నవారికి, వ్యాఖ్యలు రాసుకున్నవారికి అదనంగా 25 డాలర్లు జమ చేసింది. ఇలాంటి మూసివేతల్లో ఇది మర్యాదైన పద్ధతే. అయినా చదువుతూ రాసుకున్న ఆలోచనలకు పాతిక డాలర్ల వెల ఏ లెక్కన కట్టారో అంతుపట్టదు.

ఇదే సంస్థ అంతకుముందు ఎంఎస్‌ఎన్ మ్యూజిక్ విషయంలో ఇంత ఉదారంగా లేదు. 2004లో తెరిచిన ఆ పాటల దుకాణం 2006లో అమ్మకాలు మానేసింది. లైసెన్సు సర్వర్లను 2008 ఆగస్టు 31 తర్వాత నడపబోమని ఆ ఏడాది ఏప్రిల్‌లో ప్రకటించింది. అంటే ఆ తర్వాత పాటలు అప్పటికే ఉన్న కంప్యూటరులో మోగుతాయి, కొత్త కంప్యూటరుకు మార్చుకుంటే మాత్రం మోగవు. పాత కంప్యూటరు ఎన్నాళ్లు పనిచేస్తే పాటలూ అన్నాళ్లే. వినియోగదారులు తీవ్రంగా నిరసించడంతో గడువును 2011 చివరి వరకు పొడిగించింది.

సంస్థ తప్పుకున్నాక కొనుగోలుదారే డీఆర్‌ఎం రక్షణను ఛేదించవచ్చా అన్నది దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో 1998 నాటి చట్టం కొన్ని మినహాయింపులు తప్ప ఛేదించడాన్నే నిషేధించింది. భారత కాపీరైట్ చట్టానికి 2012లో చేర్చిన 65ఎ సెక్షన్ కొంత మెతక. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో ఛేదిస్తేనే అది నేరం. శిక్ష రెండేళ్ల వరకు జైలు, జరిమానా.

కాలిఫోర్నియా రాష్ట్రంలో 2025 జనవరి 1 నుంచి అమలవుతున్న చట్టం ప్రకారం, ఇస్తున్నది లైసెన్సు మాత్రమేనని స్పష్టంగా చెప్పకుండా డిజిటల్ సరుకును ‘కొనండి’ అంటూ అమ్మకూడదు. శాశ్వతంగా డౌన్‌లోడ్ చేసుకోనిచ్చే సరుకుకు ఇది వర్తించదు. దుకాణం మూతపడితే డబ్బు తిరిగి ఇవ్వాలన్న నిబంధన మాత్రం ఆ చట్టంలో లేదు.