‘గుంట బతికింది’ అన్నాడు బావ

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 150 కిలోమీటర్ల గాలి. తెల్లారి చూస్తే వజ్రపుకొత్తూరు మండలంలోని మా ఊళ్లో కొబ్బరిచెట్లు వరసలుగా పడున్నాయి. జీడిచెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు. దసరాకి వచ్చిన మేనత్త, ఆవిడ కొడుకైన మా బావ, ఇంటి పెంకులెగిరిపోయిన చిన్నాన్న, అందరం మా డాబాలోనే.

మూడో రాత్రి. పిల్లలకు నిద్రపట్టలేదు. కిటికీ కదిలితే చాలు, ఉలిక్కిపడుతున్నారు. విశాఖలో ఇంజనీరింగు చదువుతున్న అన్నయ్య నోటుపుస్తకం కాగితం చింపి ఏడు చీటీలు చేశాడు. ‘రాజు-మంత్రి-దొంగ-భటుడు లాంటిదే. కాకపోతే ఇందులో రాత్రి ఉంటుంది’ అన్నాడు. 1980ల్లో మాస్కో విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం చదివే దిమిత్రీ దవీదోవ్ కనిపెట్టిన ‘మాఫియా’ ఆట అది.

ఆడేది ఏడుగురం: తాత, అత్త, బావ, చిన్నాన్న, నేను, చెల్లి, తమ్ముడు. ఆట నడిపేది అన్నయ్య. చీటీల్లో ఇద్దరు దొంగలు, ఒక పోలీసు, ఒక డాక్టరు, ముగ్గురు ఊరివాళ్లు. ‘రాత్రయింది’ అనగానే అందరూ కళ్లు మూయాలి. దొంగలు మాత్రం తెరిచి, ఎవరిని చంపాలో వేలితో చూపిస్తారు. డాక్టరు ఒకరిని కాపాడతాడు. పోలీసు ఒకరి గుట్టు అడిగి తెలుసుకుంటాడు. తెల్లారాక అందరూ వాదించుకుని, చేతులెత్తి ఒకరిని వెలివేయాలి. బయటికెళ్లినవాళ్ల చీటీ విప్పుతారు.

దీపం వత్తి తగ్గించారు. ఆటలో మొదటి రాత్రి గడిచింది.

‘ఎవరూ చావలేదు’ అన్నాడు అన్నయ్య. అంతే అన్నాడు.

‘పోన్లే, గుంట బతికింది’ అంటూ బావ మా చెల్లి నెత్తిన తట్టాడు. ఆ వెంటనే గొంతు పెంచాడు: ‘చిన్నమావ నవ్వుతున్నాడు సూడండి. దొంగ ఆయనే!’ అత్త అందరికన్నా ముందు చెయ్యెత్తింది. మేమూ ఎత్తాం. తమ్ముడొక్కడే ఎత్తలేదు. చిన్నాన్న చీటీ విప్పితే ‘ఊరివాడు’ అని ఉంది.

రెండో రాత్రి తమ్ముడు చచ్చాడు. వాడి చీటీలో ‘పోలీసు’.

మిగిలింది ఐదుగురం. అందులో ఇద్దరు దొంగలు. ఈసారీ తప్పితే దొంగలూ మిగతావాళ్లూ ఇద్దరేసి అవుతారు, ఆట ముగిసినట్టే. బావ నావైపు వేలు చూపబోయాడు. ‘ఆగు బావా’ అంది చెల్లి. దానికి పదమూడేళ్లు.

‘ఎవరూ చావలేదనే అన్నయ్య అన్నాడు. దొంగలు నన్నే చంపబోయారని నీకెలా తెలిసింది? అది తెలిసేది దొంగలకి, నన్ను కాపాడిన డాక్టరుకి.’

‘ఐతే నాను డాక్టర్నే!’

‘నువ్వు డాక్టరువైతే, నీ మాట విన్న దొంగలకి అప్పుడే దొరికిపోయావు. ఆ రాత్రి వాళ్లు నీమీదకే రావాలి. రాలేదు. తమ్ముడు చచ్చాడు. ఎందుకు? దొంగవి నువ్వే కాబట్టి.’

చెల్లి, తాత, నేను చేతులెత్తాం. అత్త ఎత్తలేదు. బావ చీటీలో ‘దొంగ’.

మూడో రాత్రి మళ్లీ ఎవరూ చావలేదు. చెల్లికి వెతుక్కునే పని లేకపోయింది. చిన్నాన్నమీద ముందుగా లేచిన చెయ్యి, కొడుకుమీద లేవని చెయ్యి ఒక్కటే. అత్త నవ్వుతూ చీటీ విప్పింది. తాత తన చీటీ చూపించాడు: డాక్టరు. ‘రేతిరి మళ్లీ నా మనవరాలి మీదకే వస్తారని తెలుసు. దాన్నే కాపాడినాను’ అన్నాడు.

అందరూ చెల్లిని మెచ్చుకుంటుంటే తమ్ముడు వెళ్లి చిన్నాన్న పక్కన కూచున్నాడు. ‘మొదటి రేతిరి నానడిగింది నీ గుట్టే చిన్నాన్నా. నువ్వు మంచోడివని నాకు తెలుసు. బావ అరుస్తుంటే భయమేసి సెప్పనేదు.’

వాడు చెయ్యెత్తకుండా ఊరుకున్నాడు. నోరు మాత్రం విప్పలేదు. ఆ ఎత్తని చెయ్యి చూసే దొంగలు వాణ్ని గుర్తుపట్టారు. వాడి మౌనం చిన్నాన్ననూ కాపాడలేదు, వాణ్నీ కాపాడలేదు.

నలుగురూ కలిసి ఒకరిమీద వేలెత్తిన చోట, నిజం తెలిసిన మనిషి చెయ్యి దించుకుని కూచుంటే చాలదు. చెప్పాలి.