ముందు రిజిస్టరు వచ్చింది



ఆగస్టు వస్తే మన సంఘాలకు తీరిక ఉండదు. 9వ తేదీన ఆదివాసీ దినోత్సవం, ఊరేగింపులు, ఫ్లెక్సీలు, పిల్లల నాట్యాలు. 31న విముక్త జాతుల దినం, దానికి మాత్రం జనం పలచగా వస్తారు. ఇదే నెల 2వ తేదీన యూరప్‌లో రోమా అనే జాతివాళ్లు తమ చనిపోయినవాళ్లను తలుచుకుంటారు. చరిత్ర వ్యాసం ఒకటి కావాలని పెద్దలు అడిగినప్పుడు మేము ఆ 2వ తేదీ గురించి రాద్దామనుకున్నాం.

కారణం మా హాస్టల్‌లో ఒక పిల్ల అడిగిన ప్రశ్న. రాత్రి భోజనాలయ్యాక టీవీలో వార్తలు. ఎక్కడో ఊళ్లు తగలబడుతున్నాయి, జనం మూటలతో నడుస్తున్నారు. పదో తరగతి అమ్మాయి అడిగింది: "మేడం, ఎక్కడో అంతమందిని చంపుతుంటే వెల్దుర్తిలో కూర్చుని మనమేం చేయగలం?" మాకు జవాబు తోచక, "తొమ్మిదిన్నరయింది, పడుకోండమ్మా" అన్నాం. బీఈడీ చదివి, ఇన్నేళ్లు పిల్లల మధ్య ఉండి, అంతకన్నా మంచి మాట దొరకలేదు.

జవాబు కోసం ముందు మన ఇంటి గుమ్మం దగ్గరే వెతకాలి. 1871లో ఇంగ్లీషు ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. 1911లో దాన్ని మార్చి మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేసింది. మన పల్నాడు అప్పుడు ఆ రాష్ట్రంలోని గుంటూరు జిల్లాలో భాగం. ఒక మనిషి దొంగతనం చేశాడా లేదా అన్నది ఆ చట్టానికి అక్కర్లేదు. ఫలానా కులంలో పుడితే చాలు. పేరు రిజిస్టరుకెక్కుతుంది, వేలిముద్రలు తీసుకుంటారు, ఠాణాలోనో మునసబు దగ్గరో హాజరు పలకాలి. ఊరు దాటాలంటే చీటీ ఉండాలి. యెరుకలవాళ్లు, యానాదుల్లో కొన్ని శాఖలు, కొన్నిచోట్ల మన సుగాలీలు కూడా ఆ పట్టీలో ఉన్నారు. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం అలా పుట్టిన ఊరే. సాల్వేషన్ ఆర్మీ నడిపిన ఆ సెటిల్‌మెంటుకు మద్రాసు ప్రభుత్వంలోని ఒక దొర పేరు పెట్టారు. ఆ ఊరి పేరు చెబితే ఇప్పటికీ సినిమావాళ్లకు దొంగే గుర్తొస్తాడు.

ఇప్పుడు రోమాల దగ్గరకు వెళదాం. వెయ్యేళ్ల కిందట మన దేశం నుంచి పడమటికి వెళ్లినవాళ్లు. వాళ్లు మన లంబాడాల రక్తబంధువులని సభల్లో గట్టిగా చెబుతుంటారు. ఆ వాదన ఇక్కడ మాకు అవసరం లేదు. వాళ్ల భాషలో నీళ్లను పానీ అంటారు, చెవిని కాన్ అంటారు, ఐదును పాంజ్ అంటారు. ఇది వినగానే మా తండా పిల్లలు పకపకా నవ్వారు. అంత దగ్గరితనం చాలు.

జర్మనీలోని మ్యూనిక్ పోలీసులు 1899లో ఈ రోమా, సింతీ జనం కోసమే ఒక కార్యాలయం తెరిచారు. 1905లో మూడు వేలకు పైగా పేర్లతో పుస్తకం అచ్చువేశారు. కారణం అక్కడా అదే: తిరుగుబోతులు, దొంగలు. ఆ పనికి హిట్లర్ అక్కర్లేదు, అతను అధికారంలోకి రావడానికి ఇంకా మూడు దశాబ్దాలుంది. నాజీలు వచ్చేసరికి జాబితాలు సిద్ధంగా ఉన్నాయి. ఆ తర్వాత రాబర్ట్ రిట్టర్ అనే డాక్టరు బృందం గుడారాల వెంట తిరిగి, ముక్కులూ నుదుళ్లూ కొలిచి, వంశవృక్షాలు గీసింది. ఎవరి తాత ఎవరో రాసుకున్న ఆ కాగితాలను పట్టుకునే తర్వాత రైళ్లెక్కించారు. 1942 డిసెంబరులో ఆష్విట్జ్‌కు పంపమని ఉత్తర్వు వచ్చింది. 1944 ఆగస్టు 2 రాత్రి ఆ శిబిరంలో మిగిలిన నాలుగు వేల మందికి పైగా రోమాలను, ఎక్కువమంది ముసలివాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు, గ్యాస్ గదుల్లో చంపారు. యూరప్ మొత్తం మీద చనిపోయిన రోమాలు రెండు లక్షల నుంచి ఐదు లక్షల వరకు ఉంటారని చరిత్రకారుల అంచనా.

ఇందులో ఒక సంగతి మమ్మల్ని వదలదు. రిట్టర్ బృందంలో ఎవా జస్టిన్ అనే నర్సు ఉండేది. వాళ్ల భాష నేర్చుకుని, ఆప్యాయంగా మాట్లాడి, వివరాలు రాబట్టేది. ముల్ఫింగెన్ అనే ఊళ్లో క్రైస్తవ సన్యాసినులు నడిపే పిల్లల గృహంలో సింతీ పిల్లలను ఒకచోట చేర్చి, వాళ్ల మీద పరిశోధన చేసి డాక్టరేటు తీసుకుంది. ఆ పని అయ్యేదాకే ఆ పిల్లలకు ప్రాణం. 1944 మేలో విహారయాత్ర అని చెప్పి 39 మందిని పంపేశారు. నలుగురు బతికారు. ఒక అమ్మాయిని మాత్రం ఒక సన్యాసిని బస్సెక్కనివ్వలేదు. ఆ పిల్ల కూడా బతికింది.

రోజూ రాత్రి హాజరు పుస్తకం పట్టుకుని పిల్లల్ని లెక్కపెట్టే పని మాది. ఆ గృహంలో కూడా అలాంటి పుస్తకం ఉండే ఉంటుంది. ఆ సన్యాసిని జర్మనీని ఆపలేదు, యుద్ధాన్ని ఆపలేదు. లెక్కలో ఒక తల తగ్గించింది, అంతే.

ఒక్కళ్లుగా కాక కలిసి నిలబడితే ఇంకొంచెం జరుగుతుంది. 1941లో బోస్నియా నాజీల తొత్తు ప్రభుత్వం కింద ఉండేది. అక్కడి రోమాలను పట్టుకుపోతుంటే సారాయెవో ముస్లిం పెద్దలు అడ్డం తిరిగారు: వీళ్లు మా మతస్థులు, ముట్టుకుంటే మమ్మల్ని ముట్టుకున్నట్టే అన్నది వాళ్ల వాదన. ఆ ఆగస్టులో ప్రభుత్వం స్థిరపడ్డ ముస్లిం రోమాలను పట్టీ నుంచి మినహాయించింది. మిగతా రోమాలకు ఆ అండ లేదు, యాసెనోవాట్స్ శిబిరంలో వేలమంది పోయారు. అండ దొరికినవాళ్లకూ దొరకనివాళ్లకూ తేడా ఎంతో ఇక్కడ కనిపిస్తుంది.

యుద్ధం ముగిసినా దొంగ అన్న పేరు ముగియలేదు. 1956లో జర్మనీ అత్యున్నత న్యాయస్థానం ఒకటి, 1943కు ముందు వాళ్లను పట్టుకున్నది జాతి వల్ల కాదు, వాళ్ల నేర స్వభావం వల్లనే అని తీర్పిచ్చింది. దాంతో నష్టపరిహారం పోయింది. 1980 ఈస్టర్‌కు దాఖౌ శిబిరం దగ్గర పన్నెండు మంది నిరాహారదీక్షకు కూర్చున్నారు. మరుసటి ఏడు సెప్టెంబరులో కొందరు సింతీలు ట్యూబింగెన్ విశ్వవిద్యాలయంలోని ఆర్కైవులో బైఠాయించి, రిట్టర్ బృందం కాగితాలు ప్రభుత్వ పత్రాగారానికి చేరేలా చేశారు. తమ ముక్కులు కొలిచిన కాగితాలను అలా ఆ చేతుల్లోంచి తప్పించారు. 1982 మార్చి 17న ఛాన్సలర్ హెల్ముట్ ష్మిట్ అది జాతిహత్యేనని ఒప్పుకున్నారు. జరిగి అప్పటికి దాదాపు నలభై ఏళ్లు.

మన దగ్గర కథ ఇంతదాకా రాలేదు. ఎందుకు రాలేదంటే కారణాలు చాలా. వాటిలో ఒకటి, రిజిస్టరు దశలోనే దాన్ని ఎదిరించినవాళ్లు ఉన్నారు. నెల్లూరు వకీలు వెన్నెలకంటి రాఘవయ్య యానాది కాడు. అయినా యానాదుల కోసం సంఘం కట్టి, ఆ చట్టం పోవాలని ఏళ్ల తరబడి తిరిగాడు. మద్రాసులో 1947లో అది రద్దయింది, దేశమంతటా 1952 ఆగస్టు 31న. చట్టం పోయినంత తేలిగ్గా చూపు పోదు. మేము చదువుకునే రోజుల్లో ఒక హాస్టల్‌లో డబ్బు పోతే ముందు తెరిపించిన పెట్టె మా యెరుకల స్నేహితురాలిది. డబ్బు ఇంకెక్కడో దొరికింది. ఆమెకు ఎవరూ క్షమాపణ చెప్పలేదు. మేమూ ఆ రోజు నోరు తెరవలేదు.

ఇక మన కాలం సంగతి. బర్మాలో 1982 పౌరసత్వ చట్టం గుర్తింపు పొందిన జాతుల పట్టీలో రోహింగ్యాలను చేర్చలేదు. 2017 ఆగస్టు 25 తర్వాత ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. హైదరాబాదు శివారు బాలాపూర్‌లో కూడా ఆ కుటుంబాలు ఉన్నాయి. తమ వేదిక మీద ద్వేషం పారకుండా తాము చేయాల్సినంత చేయలేదని ఫేస్‌బుక్ సంస్థే 2018లో ఒప్పుకుంది. ఆ పోస్టులు పంచినవాళ్లలో చాలామంది మీలాంటి మామూలు కుర్రాళ్లే. మరోవైపు గాంబియా అనే చిన్న ఆఫ్రికా దేశం ఉంది. దాని న్యాయమంత్రి కాక్స్ బజార్ శిబిరానికి వెళ్లి ఆ జనం చెప్పింది విన్నాడు. 2019 నవంబరులో ఆ దేశం బర్మా మీద అంతర్జాతీయ న్యాయస్థానంలో కేసు వేసింది. 2020 జనవరి 23న రోహింగ్యాలను కాపాడాలని, సాక్ష్యాలు చెరపకూడదని మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. నిలబడడానికి పట్టుకొమ్మ శిబిరాల్లో మామూలు మనుషులు చెప్పిన మాటలు, ఫోన్లలో దాచిన వీడియోలు.

మన చేతిలో ఉన్నవి ఇవే. ఒక జాతి మొత్తాన్ని దొంగలనో పురుగులనో అనే మెసేజి వాట్సాప్‌లో వస్తే ముందుకు పంపకుండా ఉండడం, పంపినవాడు అన్నయ్యే అయినా తప్పని చెప్పడం, పారిపోయి వచ్చినవాళ్లు చెప్పేది విని రాసిపెట్టడం. ఇంకొకటి ప్రభుత్వాన్ని అడగడం. జాతిహత్యను ఆపుతామన్న 1948 ఒప్పందాన్ని భారతదేశం 1959లో ఆమోదించింది. కానీ దేశంలో దానికి సరిపడే చట్టం లేదని 2018లో ఢిల్లీ హైకోర్టు ఒక తీర్పులో ఎత్తిచూపింది. అడగడానికి ఇంతకంటే స్పష్టమైన విషయం ఏముంటుంది?

ఆ పదో తరగతి అమ్మాయి, మరో ఆరుగురూ కలిసి మన పార్లమెంటు సభ్యునికి తెలుగులో ఒక ఉత్తరం రాశారు. మేము అక్షరదోషాలు మాత్రం దిద్దాం. "మా ముత్తాతల కాలంలో మా కులాల పేర్లు ఒక రిజిస్టరులో ఉండేవి" అని మొదలుపెట్టారు. మాచర్లలో పోస్టు చేశాం. జవాబు ఇంకా రాలేదు. రసీదు మా బీరువాలో ఉంది. మీ తండాలోనో మీ కాలేజీలోనో ఇలాంటిదే రాద్దామంటే ఆ నకలు పంపుతాం.