తాతల పేర్లు ఏ రిజిస్టరులో ఉన్నాయి?

"మా ముత్తాత పేరు పాత జనాభా లెక్కల్లో దొరుకుతుందా మాస్టారూ?" అని మన ఎరుకల పిల్లలు అడుగుతుంటారు. దొరకదు. మద్రాసు రాజధానిలో 1871 నుంచి పదేళ్లకొకసారి లెక్క తీశారు. కానీ అచ్చయిన సంపుటాల్లో ఉన్నవి కులాలవారీ, జిల్లాలవారీ అంకెలే. ఇంటింటి వివరాలు ఎవరికీ చూపకూడదని 1948 సెన్సస్ చట్టం 15వ సెక్షన్ చెబుతుంది.

మనవాళ్ల పేర్లు రాసుకున్న రిజిస్టరు వేరు. నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికి వచ్చింది. పేర్లు రాసి వేలిముద్రలు తీసుకున్నారు. విజయవాడకు ఎదురొడ్డున సీతానగరంలో, బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో సెటిల్మెంట్లు పెట్టి సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. 1952లో ఆ చట్టం రద్దయింది. ఆ రిజిస్టరులో తాత పేరు కనబడితే తల దించుకోనక్కరలేదు. ఎరుకల ఇంట పుట్టడమే ఆ చట్టానికి చాలింది.

వెతకడం ఇంటి దగ్గర మొదలుపెట్టండి. ఇంటిపేరు ఏమిటి, సాతుపాడివారా కావడివారా, ఏ ఊరి నుంచి వచ్చారు అని ముసలివాళ్లను అడిగి రాసుకోండి. తర్వాత బడి అడ్మిషన్ రిజిస్టరు, భూమి పట్టా చూసి సరిపోల్చండి. ఉపాధ్యాయులు దీన్ని తరగతి పనిగా ఈ ఏడాదే ఇవ్వాలి. అవ్వలు, తాతలు ఉన్నప్పుడే ఇది జరగాలి.