మాచ్‌ఖండ్ నుండి ఊరి స్తంభము వరకు - ట్రాన్స్‌ఫార్మరు చరిత్ర

మహేంద్రతనయా నదీతీరమున, ఒడిశా సరిహద్దును ఆనుకొనియున్న పాతపట్నమునకు ఆవిరియంత్రము ముందు వచ్చినది. విద్యుత్తు చాల కాలము తరువాత వచ్చినది. నౌపడా నుండి పర్లాకిమిడికి పోవు చిన్న రైలు 1900వ సంవత్సరముననే ఈ ఊరిమీదుగా నడచినది. బొగ్గును, నీటిని తనతో మోసికొనిపోవు యంత్రమునకు దూరము అడ్డు కాలేదు. విద్యుత్తు సంగతి అట్లు కాదు. అది పుట్టినచోటినుండి తీగమీదుగానే రావలెను; వచ్చు దారిలో కొంత వేడియై నశించును. ఆ నష్టమును అదుపులోనికి తెచ్చిన సాధనమే, ఊరి పొలిమేరలో రెండు స్తంభముల నడుమ బూడిదరంగు పెట్టెవలె కనబడు ట్రాన్స్‌ఫార్మరు. పండితులు దీనికి పరివర్తకమని పేరు పెట్టిరి. ఊరివారు ఇంగ్లీషు పేరునే నిలుపుకొనిరి.

దీని మూలసూత్రమును 1831లో ఇంగ్లండులో మైకేల్ ఫారడే కనుగొనెను. ఒకే ఇనుప కడియముపై రెండు తీగచుట్టలను వేరువేరుగ చుట్టి, ఒకదానిలో కరెంటును ప్రవేశపెట్టినపుడును, ఆపినపుడును రెండవదానిలో క్షణకాలము కరెంటు పుట్టుట అతడు చూచెను. నిలుకడగా ప్రవహించు కరెంటునకు ఈ గుణము లేదు. మారుచుండు కరెంటునకే కలదు. రెండవ చుట్టలో చుట్లు ఎన్ని రెట్లు హెచ్చినచో వోల్టేజి అన్ని రెట్లు హెచ్చును, కరెంటు అన్ని రెట్లు తగ్గును. 1885లో బుడాపెస్టు నగరపు గాంజ్ కర్మాగారమునకు చెందిన జిపెర్నోవ్‌స్కీ, బ్లాథీ, డేరీ అను ముగ్గురు ఇంజనీర్లు దీనిని వ్యవహారయోగ్యముగ తీర్చిరి. మరి ఆరేండ్లకు, 1891లో, జర్మనీలో లౌఫెన్ నుండి ఫ్రాంక్‌ఫర్టు వరకు 175 కిలోమీటర్ల దూరము విద్యుత్తు పోయినది.

లెక్క చూచినచో దీని మహిమ తెలియును. ఒకే శక్తిని 220 వోల్టులకు బదులు 11,000 వోల్టులతో పంపినచో కరెంటు 50వ వంతగును. తీగలో వేడియగు నష్టము కరెంటు వర్గమును అనుసరించును గనుక, అదే తీగలో నష్టము 2,500వ వంతునకు దిగును.

ఉత్తర కోస్తాకు ఈ సూత్రము మాచ్‌ఖండ్ పథకముతో పెద్దయెత్తున ఫలించినది. మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వములు కలిసి తలపెట్టిన ఆ పని 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడగా దాని చేతికి వచ్చినది. 1955లో విద్యుదుత్పత్తి ప్రారంభమైనది. డుడుమా జలపాతమువద్ద ఆరు యంత్రములు, అన్నియు కలిసి 114 మెగావాట్లకు పైబడిన శక్తి. అక్కడనే ట్రాన్స్‌ఫార్మరులు వోల్టేజిని 1,32,000 వోల్టులకు హెచ్చించి కొండలను దాటించినవి. అయితే జలాపుట్ జలాశయము క్రింద గిరిజనుల గ్రామములు మునిగినవి. పల్లపు ఊళ్లలో వెలిగిన దీపముల లెక్కలో ఆ మునుగును కూడ చేర్చుట న్యాయము. గ్రంథాలయపు సాయంకాల చదువరులకు లాంతరో, పెట్రోమాక్సు దీపమో దిక్కైన రోజులవి. 1959లో ఆంధ్రప్రదేశ్ విద్యుచ్ఛక్తి మండలి ఏర్పడి తీగను పల్లెలకు పొడిగించినది. 2000 నుండి ఈ ప్రాంతపు పంపిణీ తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థదైనది.

సబ్‌స్టేషనునుండి వచ్చు 11,000 వోల్టులను ఊరి ట్రాన్స్‌ఫార్మరు 433 వోల్టులకు దించును. ఇంటికి అందునది దానిలో ఒక ఫేజు. లోపల కదలు భాగమొక్కటియు లేదు. సిలికాను కలిసిన ఉక్కు రేకుల దిండు, దానిపై రాగి లేక అల్యూమినియపు చుట్లు, చుట్లకు కాగితపు పొరలు, అంతయు నూనెలో మునిగియుండును. నూనె చుట్లను చల్లబరచును, విద్యుత్తు దాటిపోకుండ అడ్డుపడును. కదలునది లేదు గనుక చూడవలసినదియు లేదని జనులు తలంతురు. కాని ఆ కాగితమే దాని ఆయువు. మామూలు హద్దుమీద వేడి సుమారు 6 డిగ్రీలు హెచ్చిన ప్రతిసారి కాగితపు ఆయువు సగమగును.

కాగితమునకు రెండవ శత్రువు తేమ. వేడికి నూనె ఉబ్బును, చల్లబడి తగ్గును. తగ్గినపుడు బయటి గాలి లోనికి పోవును. ఆ గాలిని ఆరబెట్టుటకే బ్రీదరను చిన్న పాత్రలో సిలికాజెల్ గుళికలు ఉంచుదురు. అవి నీలముగ నున్నంతవరకు క్షేమము. గులాబిరంగునకు తిరిగినచో మార్చవలెను. నేలపై నిలిచి చూచు వానికి కూడ ఇది తెలియును. నూనె కారిన జాడయు, ఎండిపోయిన ఎర్తుగుంటయు అట్లే తెలియును. ఎర్తు చెడినచో ఒక ఇంట దీపము మందగించి, పొరుగింట బల్బు మాడిపోవును.

వరిపొలముల నడుమ మోటారులకు ఆటోస్టార్టర్లు పెట్టుట వేరొక చిక్కు. కరెంటు తిరిగి రాగానే మోటారులన్నియు ఒక్క క్షణముననే బయలుదేరును. ఒక్కొక్కటి మామూలుకన్న అయిదారు రెట్లు కరెంటు లాగును. ఫ్యూజు కాలును. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు తన దిగువ వైపున ఫేజునకు ఇవ్వగలది సుమారు 133 ఆంపియర్లే. లావుపాటి తీగను ఫ్యూజుగా బిగించినచో ఫ్యూజు మిగులును, చుట్లు కాలును. లైన్‌మన్ వచ్చులోపల ఆ ఫ్యూజును తామే వేయబోయి, మూడు కత్తులలో ఒకటి విడివడని స్విచ్చును నమ్మి ప్రాణములు పోగొట్టుకొన్న రైతులు కలరు. 1912 నంబరునకు ఫోను చేసి వేచియుండుట విసుగే. తీగ నెక్కుటకన్న చౌక.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలో వేలాది స్తంభములను కూల్చినది. ఇతర జిల్లాలనుండి కూడ సిబ్బంది వచ్చి తీగలను లేపిరి. అట్టి సమయమున అపాయము వేరొక దిక్కునుండి రావచ్చును. ట్రాన్స్‌ఫార్మరునకు ముందువెనుకలు లేవు: పైనుండి 11,000 ఇచ్చినచో క్రింద 433 వచ్చినట్లే, క్రిందినుండి ఇంటి జనరేటరు కరెంటు ఎక్కినచో పైన చచ్చినదనుకొన్న తీగలో వేల వోల్టులు పుట్టును. అందుచేతనే జనరేటరు గల ఇంట లైనునుండి ఇంటిని విడదీయు చేంజోవర్ స్విచ్చు ఉండవలెను. పనివాడును తీగను ముట్టుటకు ముందు, తాను నిలిచిన చోటికి రెండు ప్రక్కలను దానిని రాడ్డులతో భూమికి కలుపును.