సిలికాను పలకపై పటచౌర్యము

వేల మొదలు వందల కోట్ల వరకు ట్రాన్సిస్టర్లను చిన్న సిలికాను పలకపై ఇమిడ్చిన దానిని సమీకృత వలయము అందురు. 1958లో జాక్ కిల్బీ, 1959లో రాబర్టు నోయిస్ దీనికి దారి తీసిరి. ఏ ట్రాన్సిస్టరు ఎచ్చట ఉండవలెను, ఏ తీగ దేని మీదుగా పోవలెను అని నిర్ణయించు పటమే విన్యాసము. దానిని గీయుటకు నిపుణులు ఎంతో కాలము శ్రమింపవలెను. నకలుకు అంత శ్రమ లేదు. తొలినాటి వలయముల పైతొడుగును ఆమ్లముతో కరగించి, ఒక్కొక్క పొరను తొలగించుచు, సూక్ష్మదర్శినితో ఛాయాచిత్రములు తీసిన పటము చేతికి వచ్చెడిది.

పాత చట్టములు దీనిని ఆపజాలకపోయెను. పేటెంటుకు కొత్త ఆవిష్కరణ కావలెను. విన్యాసమున శ్రమ ఎంత ఉన్నను అట్టి కొత్తదనము తరచు ఉండదు. కాపీరైటు గ్రంథములకు, చిత్రములకు గాని పనిచేయు పరికరములకు వర్తింపదు. అందుచే అమెరికా 1984లో ప్రత్యేక చట్టము చేసి, విన్యాసమునకు 10 సంవత్సరముల రక్షణ నిచ్చెను. అయితే ఇతరుల వలయమును విప్పి చూచి నేర్చుకొనుటను, ఆ జ్ఞానముతో స్వంత విన్యాసము గీయుటను అది నిషేధింపలేదు.

మరి నేర్చుకొనుట ఎచ్చట ముగియును? చౌర్యము ఎచ్చట మొదలగును? 1988లో బ్రూక్‌ట్రీ అను సంస్థ అడ్వాన్స్‌డ్ మైక్రో డివైసెస్‌పై వేసిన దావాలో ఈ ప్రశ్నయే వచ్చెను. కంప్యూటరు తెరపై రంగులు చూపుటకై బ్రూక్‌ట్రీ చేసిన వలయమున, 10 ట్రాన్సిస్టర్ల స్మృతికణము 6,000 సార్లకు పైగా పునరావృతమై, పలకలో సుమారు 80 శాతము ఆక్రమించియుండెను. తాము రెండున్నర సంవత్సరములు శ్రమించితిమని ప్రతివాదులు కాగితముల దొంతర చూపిరి. ఆ కాగితములే వారికి ఎదురు తిరిగెను. వారి నిపుణుడు మొదట 6, 8 ట్రాన్సిస్టర్ల కణములతో తంటాలు పడెను. బ్రూక్‌ట్రీ కణమున 10 కలవని తెలిసిన పిమ్మట స్వల్పకాలములోనే అట్టి కణమును గీసెను. 1990లో సుమారు 2 కోట్ల 50 లక్షల డాలర్ల నష్టపరిహారము చెల్లింపవలెనని తీర్పు వచ్చెను. 1992లో పై న్యాయస్థానము దానిని ఖాయపరచుచు, పలక మొత్తము నకలు కానక్కరలేదు, ముఖ్యభాగము నకలైనను నేరమేనని చెప్పెను.

ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందము ననుసరించి మన దేశము కూడ 2000లో ఇట్టి చట్టము చేసినది. రక్షణ కాలము ఇచ్చటను 10 సంవత్సరములే. పరిశోధన, బోధనల కొరకు విన్యాసమును పరీక్షించుట ఈ చట్టము ప్రకారము తప్పు కాదు. తోటి విద్యార్థి లెక్క చూచి పద్ధతి గ్రహించుట వేరు, దానినే దించి తనదని చూపుట వేరు. తరగతిలో మనము పాటించు ఈ భేదమునే ఈ చట్టము పరిశ్రమలకు విధించినది.