హుగ్లీ తీరమున తెలుగు గ్రంథములు

ప్రాచీనాంధ్ర గ్రంథముల జాడ తీయబూనినవాడు తంజావూరి సరస్వతీమహలునో, చెన్నపురి ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమునో తలచుకొనును గాని, కలకత్తానగరము అతని స్మృతికి వచ్చుట అరుదు. అయినను పందొమ్మిదవ శతాబ్దపు తొలి మూడు దశాబ్దములలో, మన వ్యాకరణమునకును, మన పల్లెల చరిత్రకును సంబంధించిన అపురూప సామగ్రి యెంతయో ఆ హుగ్లీ తీరమునకు చేరి, కొంత అచ్చుపడి, కొంత అగ్నిపాలై, కొంత పట్టికల కెక్కి, తుదకు నానాదిక్కులకు చెదరిపోయెను. గ్రంథము నశించుటకు నిప్పును, చెదపురుగును కారణములని మనము చెప్పుకొందుము. కాని ఆ కథను ఆమూలాగ్రముగ పరిశీలించినచో, వెదకువాని చేతి కందకపోవుట అంతకంటె పెద్ద నాశమనియు, అందునట్లు చేయుట ఆ భాష తెలిసినవారివలననే సాధ్యమనియు తోచును.

1800వ సంవత్సరమున వెల్లెస్లీ ప్రభువు కలకత్తాలో ఫోర్ట్ విలియం కళాశాలను నెలకొల్పెను. ఆ యేడే, మతప్రచారకులను తన సీమలో అడుగిడనీయని కంపెనీకి వెరచి, విలియం కేరీ మొదలగు బాప్తిస్తు మిషనరీలు నగరమునకు ఎగువను డేనులవారి యేలుబడిలోనున్న శ్రీరామపురమున అచ్చుకూటమును పెట్టిరి. జర్మనీలోని హాలే పట్టణమున షుల్జ్ అను నతడు అప్పటికి అర్ధశతాబ్దము పూర్వమే తెలుగు పుస్తకములను ముద్రించియుండెను గాని, ఆ ప్రయత్నమునకు మన దేశమున వారసులు లేరైరి. శ్రీరామపురమున నట్లు గాదు. పంచానన కర్మకారుడు, అతని యనంతరము అల్లుడు మనోహరుడు, ఉక్కు ముద్రలు చెక్కి ప్రాచ్యలిపులకు అక్షరములు పోతపోయుచుండిరి. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన డెగ్రాంజెస్ దొర తెనిగించిన సువార్తలు, అతడు 1810లో గతించిన పిమ్మట, శ్రీరామపురముననే అచ్చుపడినవి.

1812 మార్చి 11వ తేదీ సాయంకాలమున ఆ అచ్చుకూటము తగులబడెను. కాగితపు నిలువలు, 14 ప్రాచ్యభాషల అచ్చుటక్షరములు, సంవత్సరముల తరబడి వ్రాసిన వ్రాతప్రతులు మంటలలో కలిసెను. కేరీ ముగించియుంచిన తెలుగు వ్యాకరణము సాంతముగ వానితో పోయెను. మరునాడు బూడిద త్రవ్వించి చూడగా కరిగి ముద్దయైన సీసమును, చెక్కుచెదరని ఉక్కు ముద్రలును బయటపడినవి. ఆ సీసమునే మరల కరిగించి అక్షరములు పోసిరి. కేరీ రెండవమారు కూర్చుండి వ్రాసిన తెలుగు వ్యాకరణము 1814లో వెలువడెను. చెన్నపురిలో క్యాంబెలు దొర వ్యాకరణము వెలువడుటకు అది రెండేండ్లు ముందు. ఆ రెండవ వ్రాత మొదటిదానికంటె మెరుగో కాదో నిర్ణయించు భాగ్యము మనకు లేదు. వ్యాకరణముగ దాని లోపములు దానికి ఉన్నవి. బ్రౌను దొర గ్రంథముల ప్రక్కన నిలిపిన అది చిన్నబోవును. కాని నిప్పులో పడిన పుస్తకమును మరల వ్రాసిన ఓపికను మాత్రము తక్కువ చేయరాదు.

ఈ అగ్నిప్రమాదపు కథ పలువు రెరిగినదే. అంతగ తెలియనిదియు, నా దృష్టిలో మనకు మరింత ముఖ్యమైనదియు మెకంజీ సంపుటముల కథ. కాలిన్ మెకంజీ వృత్తిచే భూమి కొలుచువాడు. తెలుగు గాని సంస్కృతము గాని అతనికి రాదు. 1796లో ఏలూరివాడైన కావలి వెంకట బొర్రయ్య అతని కొలువున చేరిన పిదపనే ఆతనికి మన శాసనములందును చరిత్రయందును ప్రవేశము కలిగెను. ఆ ఋణమును మెకంజీ దాచుకొనలేదు. బొర్రయ్య 1803లో చిన్నవయసున మరణింపగా, తమ్ముడు లక్ష్మయ్య ఆ భారము వహించి, ఊరూరికిని మనుష్యులను పంపి, కరణముల యొద్దనున్న కవిలెలను దండకవిలెలను నకలు చేయించి, వృద్ధులు చెప్పిన స్థలవృత్తాంతములను కైఫీయతులుగ వ్రాయించి, శాసనములకు ప్రతులెత్తించి పంపుచుండెను. తన యేటి సాగునీటి తగవును, గుడిమాన్యపు వివాదమును కరణము చెప్పినది చెప్పినట్లు వ్రాసికొన్న ఆ కాగితములలో, రాజుల వంశావళులను మించిన చరిత్ర దాగియున్నది.

1815లో మెకంజీ భారతదేశమంతటికి సర్వేయర్ జనరల్ అయి, 1817లో కలకత్తా చేరగా, ఆ గ్రంథరాశియు ఆతనితో కదలెను. దానిని క్రమపరచి ఒక పట్టిక వ్రాయవలెనను కోరిక తీరకయే 1821 మే 8వ తేదీన అతడు కన్నుమూసెను. సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానమున అతని సమాధి యున్నది. కంపెనీవారు ఆతని భార్యకు లక్షరూపాయ లిచ్చి ఆ సేకరణమును కొనిరి. పట్టిక వ్రాయుటకు ముందుకు వచ్చినవాడు ఆసియాటిక్ సొసైటీ కార్యదర్శియైన విల్సను. అతడు గొప్ప సంస్కృత విద్వాంసుడే గాని ద్రావిడభాషలలో ప్రవేశము లేనివాడు. కావున దేశీయ సహాయకులు ఇంగ్లీషున వ్రాసియిచ్చిన సారాంశములే అతనికి ఆధారములు. 1828లో కలకత్తాలో అచ్చయిన ఆ పట్టికలో 1,568 సాహిత్యగ్రంథములు, 8,076 శాసనములు, 6,218 నాణెములు లెక్కకు వచ్చినవి. ముఖపత్రముపై మెకంజీ పేరును, విల్సను పేరును ఉన్నవి. సేకరణము మాత్రము ముక్కలై, కొంత లండనుకును, తెలుగు వ్రాతప్రతులు చాలవరకు చెన్నపురికిని ఓడలెక్కినవి.

ఆగిపోయిన పనిని తాను సాగింతునని లక్ష్మయ్య అర్జీ పెట్టుకొనెను. ఇరువది యేండ్లకు పైగా ఆ కాగితములతోనే బ్రతికినవాడు. ఏ కైఫీయతు ఏ గ్రామమునుండి ఎవరిచేత వచ్చినదో కంఠతః చెప్పగలవాడు. ఆసియాటిక్ సొసైటీలో ఆ విన్నపము విచారణకు వచ్చినపుడు జేమ్స్ ప్రిన్సెప్పు కార్యదర్శిగ నుండెను. బ్రాహ్మీలిపి రహస్యమును ఛేదించిన ఆ మేధావికి సైతము, దేశీయు డొకడు అంతటి పనికి సమర్థుడగునని నమ్మకము చిక్కలేదు. ఆ కార్యము చెన్నపురిలోని టైలరు అను పాదరికి దక్కెను. ఆ నిర్ణయమువలన మనము కోల్పోయినది శ్రీరామపురపు మంటలలో పోయినదానికంటె తక్కువ గాదని నే ననుకొందును; ఏలయన కేరీ తన వ్యాకరణమును మరల వ్రాసికొనెను గాని, లక్ష్మయ్య యెరుక అతనితోనే పోయెను.

కావలి సోదరులలో మరియొకడైన రామస్వామి మాత్రము తన పేర పుస్తకము లచ్చొత్తించుకొనెను. 1829లో కలకత్తాలో వెలువడిన అతని ‘దక్కన్ కవుల జీవితచరిత్రలు’ ఇంగ్లీషున వ్రాయబడినదైనను, తెలుగు కవుల చరిత్రలను ఒకచోట కూర్చిన తొలి అచ్చు పుస్తకములలో నొకటి. వీరేశలింగముగారి కవుల చరిత్రమునకు పెక్కేండ్లు పూర్వపు మాట యిది. అందు పుక్కిటికథలు కొల్లలు, కాలనిర్ణయము పూజ్యము. ఐనను తరువాతి కాలపు కొలబద్దతో దానిని కొలుచుట న్యాయము గాదు.

అటుపిమ్మట కలకత్తాలో పుస్తకముల కొక నిలుకడ యేర్పడెను. 1836లో కలకత్తా పబ్లిక్ లైబ్రరీ ఏర్పడినపుడు ఫోర్ట్ విలియం కళాశాలనుండి 4,675 సంపుటములు దానికి సంక్రమించినవి; 1903లో కర్జను ప్రభువు దానిని ఇంపీరియల్ లైబ్రరీతో చేర్చి మెట్కాఫ్ హాలున ప్రజలకు తెరపించెను; స్వాతంత్ర్యానంతరము అదియే జాతీయ గ్రంథాలయమై, 1953లో బెల్వెడేరు భవనమున పాఠకులకు తెరువబడెను. 1954 నాటి శాసనమువలన దేశమున అచ్చగు ప్రతి పుస్తకమునుండియు ఒక ప్రతి అచటికి పంపవలసియున్నది. అందుచేత తెనాలిలో అచ్చయి తెనాలిలోనే మరుపున పడిన నవల కలకత్తాలో దొరకుట సంభవమే. ఎందరు ప్రకాశకులు ఆ శాసనమును పాటించిరన్నది వేరు సంగతి.

నేటి యన్వేషకుడు హౌరా రైలెక్కవలసిన పని లేదు. కేరీ వ్యాకరణము, విల్సను పట్టిక, రామస్వామి కవిచరిత్రలు స్కానుచేయబడి అంతర్జాలమున ఉచితముగ లభించుచున్నవి. చిత్తూరు సీమలో పుట్టిన రాజ్ రెడ్డిగారు ముందుండి నడిపిన మిలియన్ బుక్స్ ప్రణాళికయు, దానికి మన దేశపు శాఖయైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాయు వేలకొలది తెలుగు పుస్తకములను బింబములుగ మార్చినవి. పిదప ఆ వెబ్‌సైటు మూతపడినను, ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో నిలిచినవి. కాని పట్టిక సంగతి మరల అడ్డువచ్చినది. తెలుగు పేళ్ళను రోమను లిపిలో, నడుమ నడుమ కామాలు తగిలించి, విచిత్రమగు వర్ణక్రమముతో నమోదు చేయుటచేత, ‘ఆంధ్ర’ యని తెలుగులో టైపుచేసినవానికి ఆ గ్రంథములలో పెక్కులు పలుకవు. కొన్నిట కర్త పేరు సంపాదకునికిని, సంపాదకుని పేరు ప్రకాశకునికిని అంటుకొన్నది.

ఈ చిక్కు విప్పుచున్నది తెలుగు వికీసోర్సులోని పాఠకులే. వారు ఆ స్కానులను ఒక్కొక పుటగ తెరచి, యంత్రము తప్పుగ చదివిన అరసున్నలను, ఒత్తులను దిద్ది, గ్రంథనామమును తెలుగున సరిగ వ్రాసి, వెదకిన తక్షణము దొరకునట్లు చేయుచున్నారు. జీతము లేదు. అయితే ఆ పద్ధతిలో ప్రతి పుటకును ఒక చరిత్రపత్రము వెంటనుండును. ఏ తేదీన ఏ అక్షరమును ఎవరు దిద్దిరో వారి వాడుకపేరుతో సహా అందు నమోదగుచుండును.