చిలకలపూడి తొట్టెలు, మా అంబాసిడరు పిడులు

మా బందరును గూర్చి వ్రాయబూనినవారందరును 1605లో ఇచ్చట దిగిన వలందావారితో మొదలుపెట్టి, 1611లో వర్తకశాల నెలకొల్పిన ఇంగ్లీషువారిని పలుకరించి, 1864 నాటి ఉప్పెనకు కంట తడిపెట్టి, 1910లో వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాలను తలచి గర్వించి, అంతటితో కలము క్రింద పెట్టుదురు. ఊరి నానుకొనియున్న చిలకలపూడిలో, రాగికి బంగారు కాంతి నిచ్చు విద్య యొకటి ఎన్నియో కుటుంబములకు అన్నము పెట్టుచున్నదను మాటకు మాత్రము వారి పుటలలో ఒక్క వాక్యమునకు మించి చోటు దొరకదు. ఆ విద్యతో నాకు సాన్నిహిత్యము కలిగినది నగల మూలమున గాదు, మా తండ్రిగారు విడిచిపోయిన పాత అంబాసిడరు కారు మూలమున.

మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణిని మూసగా గైకొని, 1950ల చివర ఉత్తరపారా కర్మాగారమున పుట్టిన ఆ కారుజాతి తయారీ 2014లో నిలిచిపోయినది. మాది 1960ల నాటిది. పైరంగు వేయించుట, సీట్లు కుట్టించుట ధనముతో తీరిన పనులు. తలుపుల లోపలి పిడులు, అద్దములు దించు పిడులు, మీటర్ల చుట్టునున్న వలయములు మాత్రము మచ్చలు పడి, బొబ్బలెక్కి, చేయి వేసిన గరగరలాడుచుండెను. మా ఊరిది ఉప్పుగాలి. గొళ్లెమైనను గుడిగంటయైనను దానికి పన్ను కట్టక తప్పదు. క్రోమియమునకు తనంత తాను తుప్పు పట్టు స్వభావము లేదు గాని, ఆ పూతలో కంటి కానని బీటలుండును. అందుండి దూరిన ఉప్పుతేమ దిగువనున్న నికెలులోని సూదిరంధ్రముల గుండ పోయి అసలు లోహమును తినివేయగా, లోపల తెల్లని పొడి యుబ్బి పూతను పైకి లేపును. మనము బొబ్బ యనునది అదియే.

ఈ సంగతి తెలియని కాలమున నేను రెండు పిడులను పొరుగూరి దుకాణ మొకదానికి ఒప్పగించితిని. పేరు చెప్పను. ఇనుమును కడిగినట్లు వానిని ఆమ్లములో వేసి, టీ త్రాగి వచ్చునంతలో సగము కరిగిన ముక్కలను నా చేత పెట్టిరి. ఆ పిడులు ఇనుము గావు, ఇత్తడియు గావు. తుత్తునాగము ప్రధానముగా గల మిశ్రధాతువును మూసలో పోసి చేసినవి. ఆనాటి కార్ల లోపలి సామగ్రిలో పెక్కు ఈ జాతిదే, దీనికి ఆమ్లము శత్రువు. అల్యూమినియపు పట్టీలకు కాస్టిక్ సోడాయు నట్టిదే. పైగా ఆ పట్టీలు క్రోము వేసినవే కావు.

మిగిలిన రెండు పిడులను రుమాలులో మూటగట్టుకొని చిలకలపూడి పోయి, కవరింగు నగల పనిలో తల నెరసిన యొక పెద్దమనిషి ముందు విప్పితిని. ఆయన వానిని గోటితో గీకి, వెలుగునకు పట్టి చూచి, "మేం వేసే పూత దేన్నీ దాచదండీ, కింద గీత ఉంటే గీతే మెరుస్తుంది" అనెను. వెలకట్టలేని ఆ మాట ఆయన వెల చెప్పకమునుపే చెప్పినది. బంగారమైనను క్రోమియమైనను రంగువలె గుంటలను పూడ్చదు. వానిని రెట్టింపు ప్రకాశముతో ప్రకటించును.

పిమ్మట జరిగినది సహనకాండము. సోడా నీటిలో విద్యుత్ప్రవాహమును త్రిప్పి పంపి పాత క్రోమును వదలించి, అడుగున మిగిలిన నికెలును బఫు చక్రముతో అరగదీసి, ఒక్కొక్క గుంటను సన్నని మరతో తొలిచి తెల్లపొడి నంతయు తీసివేసిరి. తరువాత సయనైడు తొట్టిలో పలుచని రాగిపొర నెక్కించిరి. మైలుతుత్తపు తొట్టిలో నేరుగా వేసిన ఆ ఆమ్లము మరల తుత్తునాగమును కొరుకును. అందుచేత ఈ తొలిపొర యొక కవచము. ఆ రాగిపై గుంటలను టంకముతో నింపి, ఆకురాయితో చదును చేసి, మరల రాగి, మరల బఫు, ఇట్లు నాలుగుమారులు. పిడి ఎఱ్ఱని అద్దమువలె నిలిచిన దినమున ఆయన కుమారుడు దానిలో మీసము దువ్వుకొనెను. పరీక్ష ముగిసినదని నాకప్పుడు తెలిసినది.

ఆయన యొద్ద క్రోము తొట్టి లేదు. అందుకు బెజవాడ ఆటోనగరునకు పోవలసి వచ్చెను. అచట నికెలు సుమారు 20 మైక్రానులు పట్టించి, దానిమీద క్రోమియమును అర మైక్రానునకు లోపుగా నెక్కించిరి. మైక్రానన మిల్లీమీటరులో వెయ్యవ వంతు. అనగా మన మెచ్చుకొను నిగ్గులో అధికభాగము నికెలుది. క్రోమియము నీలిచాయ నిచ్చి, దానిని మాసిపోకుండ కాచునంతే. లీటరు నీటికి 250 గ్రాముల క్రోమికామ్లమును, అందులో నూరవ వంతు గంధకామ్లమును గల ఆ ఎఱ్ఱని తొట్టిలో ప్రవాహమునందు పెద్దపాలు హైడ్రోజను బుడగలకే వ్యయమగును; ఆ బుడగలు లేపు తుంపర ముక్కుదూలమును తొలుచును, ఊపిరితిత్తులకు కాన్సరు తెచ్చును. గాలి పీల్చు యంత్రము లేని చోట చౌకగా చేసెదమన్నవారికి నేను పని ఇయ్యలేదు. వాడిన నీటిలోని విషమును విరిచి, సున్నముతో అడుగు పట్టించి గాని కాలువలోనికి వదలరాదు.

ప్రసంగవశమున నొకమాట. చౌమహల్లాలో నిజాముల 1912 నాటి రోల్సు-రాయిసును చూచిన మిత్రుడొకడు "ఆ కాలపు క్రోము కదా!" యని పొంగిపోయెను. క్రోమియమును వోక్లాఁ 1797లోనే కనుగొన్నను, పూతగా అంగడి కెక్కినది 1920లలో. అంతకు పూర్వపు కార్లపై మెరసినది నికెలు, ఇత్తడి, వెండి. అట్టి కారునకు క్రోము వేయించుట పునరుద్ధరణము గాదు, వేషము.

పిడులు వచ్చిన నాడు మా ఇంటివారు అలవాటుకొలది చింతపండు తీసికొని రాగా చేయి పట్టి ఆపితిని. అర మైక్రానునకు లోపు పూతపై ఇత్తడిచెంబు తోముడు పనికిరాదు. సబ్బునీరు, మెత్తని గుడ్డ, తడి లేకుండ తుడుచుట, ఉప్పుగాలి నెలలలో కొంచెము మైనము, ఇంతే చాలును.

కార్తీకమాసమున పాండురంగని తిరునాళ్లకు చిలకలపూడి వచ్చు పాఠకులకు మా కారు గుడి దగ్గరి వీధిలో కనబడగలదు. తలుపు తీసి చూడుడు. డ్రైవరు ప్రక్కనున్న పిడి మెడవంపులో ఒక గోరంత మేర పసుపుచాయ యుండును. లోతుమూలలకు క్రోమియము సులభముగా పోదు గనుక అచ్చట నికెలే మిగిలినది. మరల తొట్టిలో వేసెదమని ఆటోనగరువారన్నను నేను ఒప్పుకొనలేదు.